మరక కన్నా తొందరే ప్రమాదం

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో ఇంటి ముందు గోడ నల్లబడితే ఎవరూ ఉత్తరం రాయరు. పండగకో పెళ్లికో సున్నం వేస్తారు, గడపకు పసుపు రాస్తారు, అంతటితో సరి. అదే ఊళ్లో పుట్టి హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొన్నవాళ్లకో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నవాళ్లకో ఆ వెసులుబాటు లేదు. అక్కడ గోడ మనదే, గోడ అందం మాత్రం అందరిదీ. ‘మీ ఇంటి ముందు భాగంలో రాయి మీద మరకలు కనిపిస్తున్నాయి, ఫలానా తేదీలోగా శుభ్రం చేయించగలరు’ అని అసోసియేషన్ నుంచి ఒకరోజు మెయిలు వస్తుంది. ఈ అధ్యాయం ఆ మెయిలు అందుకున్నవాళ్ల కోసం.

మెయిలు చదవగానే మనసులో ముందు లేచేది సిగ్గు. ఏళ్ల తరబడి కష్టపడి కొన్న ఇంటిని పట్టుకుని మురికిగా ఉందన్నారే అని. దాని వెనకే కోపం: పక్కింటి గోడ వాళ్లకు కనిపించలేదా అని. ఈ రెండూ చివరికి మనిషి చేత ఒకే పని చేయిస్తాయి. సాయంత్రానికల్లా బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా ఇంటికొస్తుంది, లేదా అద్దెకు తెచ్చిన ప్రెషర్ వాషర్ మోగుతుంది. గంటలో మరక పోతుంది. దానితోపాటు రాతి పైపొర కూడా పోతుంది. మరకకు మందుంది. పైపొర పోయిన రాయికి మందు లేదు, దాన్ని అరగదీయాలి, కాదంటే మార్చాలి. అందుకే నేను ముందుగా చెప్పేది ఒక్కటే: నోటీసు అందిన రోజున గోడను ముట్టుకోకండి. గడువు ఉన్నది ఆలోచించడానికే.

పాలమూరు నుంచి వెళ్లిన ఒక కొడుకూ, ఊళ్లో బండలు పరిచే పని చేసిన తండ్రీ ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారనుకోండి. ఆ మాటలు ఇలా సాగవచ్చు.

‘నాయినా, అసోసియేషనోళ్లు నోటీసు పంపిండ్రు. గోడ మీది మరకలు పోవాల్నట. నెల రోజులు టైమిచ్చిండ్రు.’

‘ఏం రాయి బిడ్డా అది?’

‘ఏమో నాయినా. తెల్లగుంటది.’

‘నీళ్లు యాడికెల్లి వస్తున్నయి మరి? పైకెల్లి కారుతున్నయా, కిందికెల్లి ఎక్కుతున్నయా?’

కొడుకు దగ్గర రెంటికీ జవాబు లేదు. తండ్రి అడిగినవి మాత్రం అడగాల్సిన రెండు ప్రశ్నలే. ఏం రాయి? నీళ్లు ఎక్కడి నుంచి? ఈ రెండూ తేలకుండా అంగట్లో దొరికే ఏ డబ్బా మూతా తీయకూడదు. మిగతా అధ్యాయమంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఏం రాయి?

మన ప్రాంతంలో ఇంటికి వాడే రాళ్లను ముఖ్యంగా మూడు జాతులుగా చూస్తే చాలు. మొదటిది గ్రానైట్. శ్రీరంగాపూర్, వనపర్తి, పెబ్బేరు చుట్టూ కనిపించే గుండ్లూ గుట్టలూ ఎక్కువగా ఈ జాతివే. గట్టి రాయి, ఉక్కు కత్తితో గీసినా గీత పడదు. రెండోది సున్నపురాయి. షాబాద్ బండలు, తాండూరు బండలు, కడప బండలు, బేతంచెర్ల బండలు అని మనం పిలిచేవన్నీ ఇదే జాతి. రంగులు వేరు, ఊళ్లు వేరు, లోపలున్న సరుకు ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. మూడోది ఇసుకరాయి. దీన్ని చూడాలంటే అలంపురం వెళ్లండి. బాదామి చాళుక్యుల కాలంలో, 7, 8 శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలు ఈ ఎర్రటి ఇసుకరాతివే. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన రాయి కాబట్టి ఉలికి చక్కగా లొంగుతుంది, బలంగా కొట్టే నీటి ధారకూ అంతే సులువుగా లొంగుతుంది. ఇవాళ ఎలివేషన్ కోసం అతికించే ఎర్ర, పసుపు పలకల్లో చాలావరకు ఈ జాతివే.

ఈ మూడింటిలో మీది ఏదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ముక్క పెరట్లో ఎక్కడైనా పడి ఉంటే తీసుకోండి. లేకపోతే గోడకు ఎవరికీ కనిపించని మూల చూడండి. దాని మీద ఒక్క చుక్క నిమ్మరసమో వెనిగరో వేసి దగ్గరగా చూడండి. చిన్న చిన్న బుడగలు పొంగితే అది సున్నపురాయి. ఆ గోడకు ఇక జన్మలో ఏ పులుపూ తగలకూడదు. యాసిడ్ ఒక్కటే కాదు, వెనిగర్, నిమ్మకాయ, చింతపండు ఏదీ వద్దు. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే చింతపండే నునుపు చేసిన తాండూరు బండ మీద తెల్లటి మచ్చ పెడుతుంది. బుడగలు రాకపోతే కత్తిమొనతో చిన్న గీత గీయండి. గీత పడకపోతే గ్రానైట్ అనుకోవచ్చు. వేలితో రుద్దినప్పుడు ఇసుకలా రాలితే ఇసుకరాయి. ఇసుకరాయి కొన్నిసార్లు బుడగలు కూడా పొంగిస్తుంది, దాని రేణువులను పట్టి ఉంచింది సున్నమే అయితే. అలాంటిది మరీ సున్నితం.

నాలుగోది ఒకటుంది, అమెరికాలోని తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడి కొత్త ఇళ్ల ముందు రాయిలా కనిపించేదంతా రాయి కాదు. కొన్ని నిజమైన టెక్సస్ సున్నపురాయి, కొన్ని సిమెంటును అచ్చుల్లో పోసి రంగు వేసిన పలకలు. ఆ రంగు చాలా రకాల్లో పైపొరలోనే ఉంటుంది. గట్టిగా కడిగితే మరకతో పాటు రంగూ పోయి లోపలి బూడిద రంగు సిమెంటు బయటపడుతుంది. సిమెంటుకు కూడా యాసిడ్ పడదు. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో ఏ పలక వాడారో రాసి ఉండవచ్చు, వెతకండి. ఆ కంపెనీ శుభ్రం చేసే పద్ధతి కూడా చెప్పి ఉంటుంది.

రాయి పేరు తెలిశాక ఒక నీటి చుక్క కూడా వేసి చూడండి. చుక్క అలాగే నిలబడితే రాయి నీళ్లు తాగడం లేదు, మరక పైపైనే ఉంది. నిమిషంలో ఇంకిపోయి అక్కడ నల్లగా కనిపిస్తే మరక లోపలికి దిగిందని అర్థం. పైపైన రుద్దితే అది రాదు, లోపలి నుంచి లాగాలి.

నీళ్లు ఎక్కడి నుంచి?

బయటి గోడ మీది మరకల్లో ఎక్కువ భాగానికి మూలం నీళ్లే. వాన నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకు పొంగిన నీళ్లు, ఏసీ పైపు నీళ్లు, లాన్‌కు కొట్టే స్ప్రింక్లర్ నీళ్లు. మరక ఆకారం చూస్తే దారి దొరుకుతుంది. పిట్టగోడ నుంచి నిలువుగా జారిన నల్లటి చారలు ఉంటే పైన పిట్టగోడ బండకు బయటికి పొడుచుకొచ్చిన అంచు లేదని అర్థం. సజ్జ అడుగున నీటి గాడి తీయకపోయినా ఇదే జరుగుతుంది: నీటి బొట్టు గాడి దగ్గర తెగి కింద పడాల్సింది, సజ్జ అడుగు వెంటే పాకి గోడ మీదికి వస్తుంది. ఒకే ఒక్క చార ఉంటే ఓవర్‌హెడ్ ట్యాంకు పైపు వైపు చూడండి. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా అడ్డంగా ఉన్న మరక అయితే కింద మట్టి గోడను తాకుతోంది, లేదా స్ప్రింక్లర్ అక్కడి దాకా కొడుతోంది. ఫ్రిస్కో లాంటి చోట ఇళ్ల ముందు పచ్చిక పెంచుతారు కాబట్టి ఈ చివరి కారణాన్ని ముందు చూడాలి. స్ప్రింక్లర్ తల కాస్త తిప్పితే ఆగే మరకను ఏటా డబ్బులిచ్చి కడిగించుకోవడం ఎందుకు?

నల్లటి, ఆకుపచ్చటి మరక పాచి. ఎండ తగలని ఉత్తరం గోడ మీద, చెట్టు నీడన పెరుగుతుంది. శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం చెరువు ఒడ్డున రంగనాయకస్వామి గుడి ఉంది, వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించింది. అలా నీటి పక్కన నిలబడ్డ ఏ రాతి కట్టడమైనా వానాకాలంలో పాచి పట్టకుండా ఉండదు. గ్రానైట్ మీద పట్టిన పాచి కంటికి బాగుండదు కానీ రాయికి పెద్దగా హాని చేయదు. సున్నపురాయి మీద, ఇసుకరాయి మీద మాత్రం తేమను పట్టి ఉంచి మెల్లగా నష్టం చేస్తుంది.

తెల్లటి మరకలు రెండు రకాలు. చూడటానికి ఒకేలా ఉంటాయి, వైద్యం వేరు, అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం. ఒకటి గోడ లోపలి నుంచి వచ్చే ఉప్పు. రాయి వెనక ఉన్న సిమెంటు మాలులోని లవణాలు నీళ్లలో కరిగి పైకొస్తాయి, నీళ్లు ఆరిపోయాక పొడిలా మిగులుతాయి. ఉప్పగా ఉండే బోరు నీళ్లతో మాలు కలిపితే మరీ ఎక్కువ. కొత్తగా అతికించిన ఎలివేషన్ మీద మొదటి వానాకాలం తర్వాత కనిపించే తెల్లదనం ఎక్కువగా ఇదే. దీన్ని నీళ్లతో కడగడం అందరూ చేసే పని, చేయకూడని పని కూడా అదే. కడిగితే ఉప్పు మళ్లీ కరిగి రాతిలోకే పోతుంది, ఎండగానే మళ్లీ పొంగుతుంది. పొడి బ్రష్‌తో దులిపి, రాలిన పొడిని చేటలోకి ఎత్తి పారేయాలి. లోపలికి నీళ్లు పోయే దారి మూస్తే ఒకటి రెండు వానాకాలాల్లో అదే తగ్గిపోతుంది.

రెండోది బయటి నుంచి వచ్చిన ఉప్పు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చాలా ఊళ్ల బోరు నీళ్లు ఎంత కఠినమో అక్కడ వంట చేసిన ప్రతి ఇల్లాలికీ తెలుసు, గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అవే నీళ్లు రోజూ గోడ మీద పడి ఆరితే అక్కడా అదే పెచ్చు. ఇది దులిపితే రాలదు. గ్రానైట్ అయితే బాగా పలుచన చేసిన వెనిగర్‌తో కరిగించవచ్చు. సున్నపురాయి అయితే చిక్కు, ఎందుకంటే పెచ్చూ కాల్షియం కార్బొనేటే, రాయీ కాల్షియం కార్బొనేటే. ఒకదాన్ని కరిగించి రెండోదాన్ని వదిలే రసాయనం లేదు. చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో తడి చేస్తూ, కొంచెం కొంచెంగా లేపాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ఇంట్లో ఆర్‌వో యంత్రం బయటికి వదిలే నీళ్లను వృథా చేయకూడదని చాలామంది బకెట్లలో పట్టి గోడలు, మెట్లు కడుగుతారు. ఉద్దేశం మంచిదే. కానీ బోరు నీళ్లలోని ఉప్పంతా చిక్కబడి చేరేది ఆ నీళ్లలోనే. రాతికి అవి వద్దు. మొదట ఏ నీళ్లతో కడిగినా ఆఖరి కడుగు మాత్రం ఉప్పు తక్కువ ఉన్న నీళ్లతో ఉండాలి. పట్టి ఉంచిన వాన నీళ్లయితే అంతకన్నా మంచివి లేవు.

గోధుమ, నారింజ రంగు మరక తుప్పు. కిటికీ గ్రిల్లు, గేటు కొక్కెం, పూలకుండీ ఇనుప స్టాండు, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు, వీటిలో ఏదో ఒకటి కారణం. ఇది కాక, తెల్ల గ్రానైట్‌ను యాసిడ్‌తో కడిగిన కొన్నాళ్లకు పసుపు మచ్చలు తేలడం చూస్తుంటాం. రాతిలోని నల్లటి అభ్రకంలో ఇనుముంటుంది, యాసిడ్ దాన్ని బయటికి లాగి తుప్పు పట్టిస్తుంది. అంటే గ్రానైట్ గట్టిదే అయినా యాసిడ్‌కు అతీతమైనదేమీ కాదు.

మన ఇళ్లకే ప్రత్యేకమైన మరకలూ ఉన్నాయి. గడప పసుపు, కుంకుమ, దీపం నూనె. అమెరికాలో గృహప్రవేశం అయిన ఇంటి గడప దగ్గర లేత రంగు రాయి పచ్చబడిందని కంగారు పడేవాళ్లుంటారు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది, కాస్త ఓపిక పడితే సూర్యుడే సగం పని చేస్తాడు. దాని మీద బట్టల సోడా మాత్రం వేయకండి, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నూనె మరక పడగానే తుడవకుండా అద్దాలి, పైన పొడి పిండో ముల్తానీ మట్టో చల్లి పీల్చనివ్వాలి.

పని మొదలుపెట్టే ముందు, పెట్టాక

మొదట కారణాన్ని ఆపండి. పైపు సరిచేయండి, స్ప్రింక్లర్ తిప్పండి, గోడను తాకుతున్న మట్టిని జానెడు కిందికి దించండి, కొక్కేనికి తుప్పు పోయేలా గీకి రంగు వేయండి. ఆ తర్వాతే మరక.

కాలం కూడా చూసుకోవాలి. మన దగ్గర వానలు తగ్గాక అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. మే నెల ఎండలో మందు గోడ మీదే ఎండిపోయి కొత్త మరకవుతుంది. టెక్సస్‌లో రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే రోజుల్లో రాతిని తడపకండి.

అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు ఒకటి ఎంచుకోండి, వీధి నుంచి కనిపించనిది. ప్రతి పద్ధతినీ ముందు అక్కడ చేసి, పూర్తిగా ఆరాక చూడండి. తడి రాయి ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది, నమ్మకండి. వారం ఆగితే నిజం తెలుస్తుంది. ఏ గోడ శుభ్రపరిచే మనిషినైనా పనిలో పెట్టుకునే ముందు ‘ముందు ఇక్కడ చేసి చూపించు, వచ్చే వారం మిగతాది మాట్లాడుకుందాం’ అనండి. ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైన జాగ్రత్త ఇదే.

మెత్తని పద్ధతి నుంచి గట్టిదానికి పోవాలి, ఎప్పుడూ ఆ వరుసలోనే. పొడి బ్రష్, తర్వాత ఉత్త నీళ్లు, తర్వాత ఆమ్లమూ క్షారమూ కాని మెత్తని సబ్బు నీళ్లు. కొబ్బరి పీచో నైలాన్ బ్రష్షో వాడాలి. ఇనుప పీచు, ఇనుప బ్రష్ వాడితే వాటి ముక్కలు రాతిలో ఇరుక్కుని వానాకాలానికి తుప్పు చుక్కలవుతాయి. గోడను ముందు బాగా తడపండి, రాయి నీళ్లు తాగి ఉంటే మురికి నీళ్లను లోపలికి తీసుకోదు. సబ్బు కింది నుంచి పైకి పట్టించండి. పై నుంచి మొదలుపెడితే మురికి ధారలు కింది పొడి రాతి మీద చారలు కడతాయి. ఆఖరి కడుగు మాత్రం పై నుంచి కిందికి.

చాలా ఇళ్లకు ఇంతవరకే చాలు. పాచి పోకపోతే పాచికి ప్రత్యేకంగా అమ్మే మందు వాడాలి, బ్లీచింగ్ కాదు. బ్లీచింగ్ రంగును మాత్రం తెల్లబరిచి రాతిలో ఉప్పు వదిలిపోతుంది. అమెరికాలో పాత సమాధి రాళ్లను శుభ్రం చేసేవాళ్లు డి/2 అనే మందు వాడతారు. చల్లి, మెత్తగా రుద్ది, కడిగేస్తారు. మిగిలిన మరక ఆ తర్వాత వారాలలో ఎండకూ వానకూ మెల్లగా పోతుంది. మూడో రోజుకే పోలేదని మళ్లీ మళ్లీ రుద్దే మనిషికి ఈ మందు కుదరదు.

ప్రెషర్ వాషర్ గురించి అందరూ అడుగుతారు. అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ పాత రాతి, ఇటుక కట్టడాల కోసం ఇచ్చిన సూచనల్లో తోట పైపు ఒత్తిడితో మొదలుపెట్టి, సాధారణంగా 400 పీఎస్ఐ దాటొద్దంటుంది. ఇళ్లలో వాడే చిన్న యంత్రాలు కూడా 1,500 పీఎస్ఐ పైనే కొడతాయి. గ్రానైట్ రాయి తట్టుకుంటుందేమో కానీ రాళ్ల మధ్య సందుల్లోని మాలు తట్టుకోదు. అది రాలితే నీళ్లు వెనక్కి పోతాయి, మనం ఆపాలనుకున్న తెల్ల ఉప్పుకు మనమే దారి తీసినట్టవుతుంది. ఇసుకరాయి జోలికి ఆ యంత్రం అసలు రాకూడదు.

లోపలికి దిగిన మరకకు పట్టు వేయాలి. ఇది నాకు చాలా ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే ఇందులో రాతితో పోట్లాట లేదు. పీల్చుకునే మట్టిని తగిన ద్రవంతో కలిపి, మరక మీద వేలు మందాన పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి ఒకటి రెండు రోజులు ఉంచాలి. తర్వాత కవరు తీసి ఆరనివ్వాలి. ఆరేటప్పుడే మరక మట్టిలోకి వస్తుంది. భారత పురావస్తు శాఖ తాజ్‌మహల్ పసుపుబారిన పాలరాయికి 1994 నుంచి పలుసార్లు వేసింది ముల్తానీ మట్టి పట్టే. ఇంటి గోడకూ అదే మట్టి కిరాణా కొట్లో దొరుకుతుంది. తుప్పు మరకకైతే, రాయి సున్నపుదైతే, మట్టిని సోడియం సిట్రేట్ ద్రావణం, గ్లిజరిన్‌తో కలుపుతారు. తుప్పుకు అందరూ చెప్పే ఆక్జాలిక్ యాసిడ్ సున్నపురాతికి పనికిరాదు. మొదటి పట్టుకు మరక సగమే పోవచ్చు. మళ్లీ వేయండి, మళ్లీ సగం పోతుంది.

ఇక యాసిడ్. ఇళ్లలో దొరికే యాసిడ్ ఎక్కువగా హైడ్రోక్లోరిక్. సున్నపురాయి మీద పడగానే నురగ వస్తుంది. ఆ నురగ చూసి ‘మురికి వదులుతోంది’ అనుకుంటారు. వదులుతున్నది రాయి. మిగిలే కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను లాగే ఉప్పు, అది సందుల్లో ఉండిపోయి గోడను చెమ్మగా ఉంచుతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఒకే గోడ మీద ఒకదాని వెంట ఒకటి వాడితే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండూ ఒకే బకెట్‌లోకి, ఒకే చేతిలోకి రాకూడదు.

మరక పోకపోతే రంగు వేసేద్దాం అనే ఆలోచన కూడా వస్తుంది. రాతి మీద రంగు పొర తేమను లోపలే బంధిస్తుంది, కొన్నాళ్లకు రాతి పైభాగంతో సహా పెచ్చులూడుతుంది. స్థపతి, పురావస్తు నిపుణులు ఈమని శివనాగిరెడ్డి తెలుగు ఊళ్లలో తిరిగి పాత శిల్పాలకు రంగులు పూయొద్దని చెబుతుంటారు. వెయ్యేళ్ల శిల్పానికి చెప్పిన ఆ మాట మన ఇంటి రాతికీ వర్తిస్తుంది. ఏదో ఒకటి పూయాలనే అనుకుంటే, పైన పొర కట్టకుండా లోపలికి ఇంకి, గోడను గాలి పీల్చుకోనిచ్చే సైలేన్ రకం సీలర్ అడగండి. అదీ గోడ పూర్తిగా ఎండాకే.

అసోసియేషన్‌తో

ఇంత ఓపిక పట్టడానికి అసోసియేషన్ టైమివ్వాలి కదా? అడిగితే ఇస్తుంది. అడగకపోవడమే మన అలవాటు. నోటీసుకు మౌనం ఒక తప్పు, వాట్సాప్ గ్రూపులో యుద్ధం ఇంకో తప్పు. రెండు రోజుల్లో ఒక చిన్న ఉత్తరం రాయండి, దాదాపు ఇలా:

‘మీ నోటీసు అందింది. మా ఇంటి ముందు రాయి సున్నపురాయి. మరక స్ప్రింక్లర్ నీటి వల్ల వచ్చిందని గుర్తించి దాన్ని సరిచేశాం, ఫొటోలు జత చేశాం. ఈ రాతికి యాసిడ్, ప్రెషర్ వాషర్ వాడితే శాశ్వతంగా దెబ్బతింటుంది. ఫలానా తేదీన చిన్న చోట ప్రయత్నించి, ఫలానా తేదీలోగా పని పూర్తి చేస్తాం. అప్పటి దాకా గడువు ఇవ్వగలరు.’

కారణం, సాక్ష్యం, తేదీ. ఈ మూడూ ఉన్న ఉత్తరాన్ని కాదనడం ఏ కమిటీకైనా కష్టం. కమిటీలో ఉన్నదీ మనలాంటి ఇంటివాళ్లే. వాళ్లకు కావాల్సింది పని కదులుతోందన్న భరోసా.

చట్టం కూడా కొంత తోడుంది. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 209వ అధ్యాయం ప్రకారం, సరిదిద్దుకోగల ఇలాంటి విషయంలో జరిమానా వేసే ముందు అసోసియేషన్ రాతపూర్వకంగా నోటీసివ్వాలి, సరిచేసుకోవడానికి తగిన సమయం ఇవ్వాలి. నోటీసు పంపిన 30 రోజుల్లోగా యజమాని తన మాట వినమని కోరవచ్చు. ఈ 30 రోజులను చాలామంది వదిలేసుకుంటారు. నోటీసు మీది తేదీని ఆ రోజే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

హైదరాబాద్‌లో పరిస్థితి వేరు. అపార్టుమెంటు అయితే బయటి గోడ సాధారణంగా ఉమ్మడి ఆస్తి, దాన్ని కడిగించే బాధ్యత అసోసియేషన్‌దే. విల్లా అయితే మీరు సంతకం పెట్టిన నిబంధనలు చదవాలి. రెంటికీ పనికొచ్చే ఆయుధం ఒకటుంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. పిట్టగోడకు అంచు లేక, రాతి వెనకకు నీళ్లు చేరి తెల్ల ఉప్పు పొంగుతుంటే అది మీ శుభ్రత లోపం కాదు, పనితనం లోపమని వాదించవచ్చు. అసోసియేషన్ అప్పుడు మీకు ఎదురుపక్షం కాదు, ఒకే ఫిర్యాదు మీద మీతో కలిసి సంతకం పెట్టాల్సిన పక్షం. పది ఇళ్ల ఫొటోలతో వెళ్లిన ఫిర్యాదు బరువే వేరు. అయితే ఒకటి: మీరు ముందే యాసిడ్‌తో కడిగేసి ఉంటే, రాయి పాడైంది మీ వల్లేనని బిల్డరు అనగలడు. తొందర ఇక్కడా నష్టమే.

కొన్నిసార్లు కడగకుండా ఉండమని కమిటీకి చెప్పాల్సి వస్తుంది. చెక్కని గ్రానైట్ గుండ్లతో కట్టిన ప్రహరీ మీద ఏళ్ల తరబడి పట్టిన బూడిద రంగు పూత మరక కాదు, రాతి వయసు. దాన్ని గీకి కొత్త రాయిలా చేయడం డబ్బు దండగ. ఈ మాట మర్యాదగా, ఫొటోలతో చెబితే వినేవాళ్లు ఉంటారు. వినకపోతే ఆ ఒక్క ప్రహరీకి మినహాయింపు కోరుతూ సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టించండి.

ఆఖరున ఒక విన్నపం. మన దగ్గర ఈ గోడ మీరు కడగరు, కూలికి వచ్చిన మనిషి కడుగుతాడు. బొత్తాలు లేని చొక్కా, హవాయి చెప్పులు, ఒట్టి చేతులు, చేతిలో యాసిడ్ మగ్గు. గ్రానైట్‌ను పొడిగా గ్రైండింగ్ చేయిస్తే ఆ దుమ్ములోని సిలికా అతని ఊపిరితిత్తుల్లో చేరి జీవితాంతం వదలదు. రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు, మంచి మాస్క్ మీ డబ్బుతో మీరే కొని పని మొదలుకాక ముందే అతని చేతికివ్వండి. గ్రైండింగ్ తప్పనిసరైతే నీళ్లు పోస్తూనే చేయించండి. ‘అలవాటే సార్, ఏం కాదు’ అని అతను అన్నా, అవి వేసుకున్నాకే గోడ మీద చేయి వేయనివ్వండి.